పద్నాలుగు వందలా, 108 బండా: సరిహద్దులో తల్లుల చావులు తగ్గించింది ఏది?

పర్లాకిమిడి మాస్టారు

మా వాట్సాప్ గ్రూపులో ఒకాయన "2005లో జననీ సురక్ష (ఆస్పత్రిలో కాన్పయితే తల్లికి డబ్బిచ్చే కేంద్ర పథకం) రాకపోతే ఒడిశా ఆడవాళ్లు ఇప్పటికీ ఇళ్లల్లోనే పురుళ్లు పోసుకుంటూ చచ్చిపోయేవాళ్లు" అని తేల్చేశాడు. అక్కడ వాదిస్తే గుడ్ మార్నింగ్ ఫోటోల్లో కొట్టుకుపోతుంది కాబట్టి ఇక్కడ పెడుతున్నాను.

ఆ పథకంలో కేంద్రం రాష్ట్రాల్ని రెండు రకాలుగా విడగొట్టింది. ఆస్పత్రి కాన్పులు తక్కువున్న జాబితాలో ఒడిశా పడింది. సర్కారు ఆస్పత్రిలో కాన్పయితే పల్లెటూరి తల్లికి, ఉన్నవాళ్లా లేనివాళ్లా అని చూడకుండా, 1400. ఆంధ్ర రెండో జాబితాలో పడింది. అక్కడ 700, అదీ పేదలకీ ఎస్సీ ఎస్టీలకే. ఒడిశాలోని మా ఊరికీ ఆంధ్రలోని పాతపట్నానికీ మధ్య ఎంత దూరమో తెలిసిందే, టీ తాగి రావచ్చు.

డబ్బే మందయితే ఇటువైపే ఎక్కువ నయమవ్వాలి కదా? 2004-06లో లక్ష జననాలకి ఒడిశాలో 303 మంది తల్లులు పోయేవారు, ఆంధ్రలో 154 మంది. 2018-20 నాటికి ఒడిశా 119, ఆంధ్ర 45. సగం డబ్బిచ్చిన చోటే తగ్గుదల శాతం ఎక్కువ. నన్నడిగితే తేడా 108 బండిది. ఆంధ్రలో అది 2005లోనే రోడ్డెక్కింది, ఒడిశాకి 2013లో వచ్చింది.

లెక్కల సూరి, బరంపురం

మాస్టారూ, శాతాలతో ఎటు కావాలంటే అటు తిప్పొచ్చు. 303 నుంచి 119 అంటే 184 ప్రాణాలు. 154 నుంచి 45 అంటే 109. ఇప్పుడు ఎవరు గెలిచారు? పైగా మీ 154 ఉమ్మడి ఆంధ్రది, 45 విడిపోయిన ఆంధ్రది. (తెలంగాణ కూడా అదే లెక్కలో 43 దగ్గరే ఉంది కాబట్టి దీన్ని పెద్దగా సాగదీయను.)

కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒడిశాలో ఆస్పత్రి కాన్పులు 2005-06లో నూటికి 36. పదేళ్లకి 85. ఇంత మార్పు ఊరికే వస్తుందా? అయితే ఒక మాట ఒప్పుకోవాలి. 2010లో లాన్సెట్‌లో ఈ పథకం మీద వచ్చిన పరిశీలనలో పసికందుల మరణాలు తగ్గినట్టు తేలింది గానీ, తల్లుల మరణాల మీద ప్రభావం కనిపెట్టలేకపోయారు. ఆస్పత్రికి తీసుకురావడం వేరు, అక్కడ రక్తం, డాక్టరు ఉండడం వేరు.

రిటైరైన ఏఎన్ఎం, గుణుపురం

మీరిద్దరూ 2005 దగ్గర మొదలెట్టారు. అంతకు ముందు ఇరవై ఏళ్లు నేను ఆ కొండ ఊళ్లు తిరిగాను, వినండి.

ఎమర్జెన్సీలో ఒక్క 1976-77లోనే దేశంలో 80 లక్షల పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. ఎక్కువ మంది మగవాళ్లు. ఆ గొడవ తర్వాత మగవాళ్ల జోలికి ఎవరూ పోలేదు, బరువంతా ఆడవాళ్ల మీద పడింది. నేను ఉద్యోగంలో చేరేసరికి మాకు పై నుంచి వచ్చే ప్రశ్న ఒక్కటే: ఎన్ని ఆపరేషన్ కేసులు తెచ్చావు? మార్చి నెల వచ్చిందంటే టెన్షన్. టీకాలు, గర్భిణుల పరీక్ష అన్నీ ఆ కేసుల తర్వాతే. 1985లో అందరికీ టీకాల కార్యక్రమం వచ్చింది, సంతోషమే, కానీ టీకాల పెట్టె పట్టుకెళ్లేదీ నేనే, ఆపరేషన్‌కి రమ్మని బతిమాలేదీ నేనే. నేను ఊరి మొదట్లో కనిపిస్తే ఆడవాళ్లు పోడు చేలల్లోకి వెళ్లిపోయేవారు. బీపీ చూస్తానంటే చెయ్యి వెనక్కి లాక్కునేవారు.

1996లో ఈ ఆపరేషన్ల టార్గెట్లు ఎత్తేశారు. కాగితం మీద ఎత్తేశారు, మా పై వాళ్ల నోట్లోంచి పోవడానికి చాలా కాలం పట్టింది. అయినా తలుపులు మెల్లగా తెరుచుకున్నాయి. ఆ తర్వాత ఆశా కార్యకర్త వచ్చింది. ఆ ఊరి కోడలే, ఆ భాషే. మాస్టారూ, 1400 గురించి రాశారు, ఆశాకిచ్చే 600 గురించి రాయలేదు. నొప్పులొచ్చిన మనిషి అర్ధరాత్రి ఆస్పత్రి వరండాలో కూర్చుంటే పక్కన ఎవరుంటారు? మొగుణ్ని లోపలికి రానివ్వరు, అత్తకి ఒడియా రాదు. ఆ పక్కన కూర్చున్న మనిషికి జీతం లాంటిది దొరకడం అదే మొదలు. నా దృష్టిలో పథకంలో పనిచేసిన భాగం అదే.

మంత్రసానుల సంగతి కూడా చెప్పాలి. దశాబ్దాల పాటు వాళ్లకి శిక్షణ ఇచ్చాం, బ్లేడు, దారం, సబ్బు ఉన్న కిట్లు ఇచ్చాం. 2005 తర్వాత ఒక్కసారిగా పనికిరానివాళ్లయిపోయారు. రక్తస్రావాన్ని వాళ్లు ఆపలేరు, నిజమే. కానీ బిడ్డ అడ్డం తిరిగిందని చేత్తో తడిమి చెప్పే మనిషిని ఆశాతో పాటు పంపించి ఉండొచ్చు కదా?

ఇచ్ఛాపురం ఆడపడుచు, బరంపురం కోడలు

అమ్మా, మీరు రాసింది మా ఆయనకి చదివి వినిపించాను. నాది ఇంకో గొడవ. మనలో తొలి కాన్పు పుట్టింట్లో. నా గర్భిణి కార్డు ఇటు ఒడిశాది, మొత్తం ఒడియాలో. ఏడో నెలలో ఆంధ్రలో అమ్మ దగ్గరికి వెళ్తే అక్కడ నర్సమ్మ ఆ కార్డు తిప్పి తిప్పి చూసి, టీటీ ఇంజక్షన్ ఎన్ని పడ్డాయో నన్నే అడిగింది. నాకు మాత్రం ఒడియా చదవడం వచ్చా? డబ్బులు అడిగితే అత్తగారి ఊళ్లో తెచ్చుకోమన్నారు. ఇటు వస్తే కాన్పు అక్కడయింది కదా, అక్కడే అడుగు అన్నారు. 2011లో ఒడిశా పెట్టిన మమత పథకం 5000 కూడా అలాగే జారిపోయింది. ఢిల్లీలో పథకం రాసేవాళ్లకి పుట్టిల్లు అనేదొకటి ఉంటుందని తెలియదా?

పర్లాకిమిడి మాస్టారు

ఏఎన్ఎం గారూ, 600 మాట బాగుంది. కానీ ఆ ఆశా ఫోన్ చేస్తే వచ్చే బండి లేకపోతే? 2013కి ముందు మా కొండ ఊళ్ల నుంచి డోలీలో దింపేవారు. దారిలోనే పోయినవాళ్లున్నారు.

లెక్కల సూరి, బరంపురం

ఇప్పటికీ బండి ఎక్కని ఊళ్లున్నాయి. అందుకే ఒడిశాలో 'మా గృహ' అని గర్భిణులకి విడిది ఇళ్లు పెట్టారు, నెలలు నిండకముందే వచ్చి ఉండమని. నా అనుమానం ఇంకోటి. 2015-16లో ఒడిశా ఆడవాళ్లలో రక్తహీనత నూటికి 51, తర్వాతి సర్వేలో 64. ఆస్పత్రులు నిండాయి, రక్తం మాత్రం పెరగలేదు. ఐరన్ మాత్రలు పంచడం కొత్తేమీ కాదు. ఎక్కడికి పోతున్నాయమ్మా అవి?

రిటైరైన ఏఎన్ఎం, గుణుపురం

చూరులోకి. మింగితే వికారం, మలబద్ధకం. బిడ్డ లావైతే కాన్పు కష్టమని అత్తల భయం. పరగడుపున వద్దు, అన్నం తిన్నాక వేసుకో అని చెప్పడానికి పది నిమిషాలు కూర్చోవాలి. మా రిజిస్టరులో ఇచ్చిన మాత్రలకి గడి ఉండేది, మింగిన మాత్రలకి లేదు. ఇచ్ఛాపురం అమ్మాయీ, రెండో కాన్పు అనుకుంటే ఈసారి కార్డులోవన్నీ ముందే తెలుగులో ఒక కాగితం మీద రాయించుకుని వెళ్లు. డబ్బు సంగతి తర్వాత.