ఎలైజా ప్లేటులో అంచు గుంటల రంగే ఎందుకు ముదురుతోంది?

విశాఖపట్నం గాజువాకలోని ఒక చిన్న ల్యాబులో టెక్నీషియనుగా పనిచేస్తున్నాను. డెంగీ ఐజీఎం యాంటీబాడీల కోసం చేసే ఎలైజా పరీక్షలో, 96 గుంటల ప్లేటు అంచు వరుసల్లో నెగెటివ్ కంట్రోలు (ఆ యాంటీబాడీలు లేని నమూనా) పోసినా, టీఎంబీ (రంగు తేల్చే ద్రావణం) కలిపిన కాసేపటికే లేత నీలం తేలుతోంది. ఆమ్లంతో ఆపాక అది పసుపుగా మారి, 450 నానోమీటర్ల వద్ద రీడింగు మధ్య గుంటల కంటే ఎక్కువగా వస్తోంది. హెచ్‌ఆర్‌పీ ఎంజైము (టీఎంబీకి రంగు తెప్పించేది) కడుగుడులో పోకుండా మిగిలిపోతోందేమోనని మరోసారి కడిగి, ప్లేటును టిష్యూ కాగితంపై బోర్లించి తట్టి చూశాను, తేడా రాలేదు. ఫ్రిజ్ నుంచి తీసిన చల్లని ప్లేటును వెంటనే 37 డిగ్రీల ఇంక్యుబేటరులో పెట్టడం వల్ల అంచులు ముందుగా వేడెక్కుతున్నాయని నా అనుమానం (మా ఉక్కపోత సంగతి సరేసరి). ప్లేటును అరగంట బయట ఉంచి, మూత అంటించి, తడి గుడ్డ పరచిన డబ్బాలో పెడితే సరిపోతుందా, లేక ముందుగా వాషరు (ప్లేటు కడిగే యంత్రం) సూదులనే పరిశీలించాలా? అనుభవజ్ఞులు దయచేసి తెలుపగలరు. అంతవరకు అంచు గుంటల్లో రోగుల సీరం పోయడం మానేశాను.