చర్చ: టీమ్‌లో ప్రతి రాతకీ మార్క్‌డౌన్ తప్పనిసరి చెయ్యాలా?

పచ్చడి_జాడీ:
పది మంది బ్యాకెండ్ టీమ్‌కి మార్క్‌డౌన్ (# పెడితే హెడింగ్, రెండేసి నక్షత్రాల మధ్య రాస్తే బోల్డ్ అయ్యే రాత పద్ధతి) మీద ఒక నియమం పెట్టాలని ప్రతిపాదన. గిట్‌హబ్ ఇష్యూ, పీఆర్ (పుల్ రిక్వెస్ట్, కోడ్ మార్పుని కలపమని అడగడం) వివరణ, కమిట్ మెసేజ్ (గిట్‌లో మార్పు సేవ్ చేస్తూ రాసే నోటు), స్లాక్ పోస్టు, అన్నిటికీ ఒకటే టెంప్లేట్: "## ఏం మారింది", "## ఎందుకు", "## ఎలా టెస్ట్ చెయ్యాలి". ముఖ్యమైన మాటలు బోల్డ్. కమాండ్లు, ఫైల్ పేర్లు బ్యాక్‌టిక్ (`) గుర్తుల మధ్య, ఉన్నదున్నట్టు కనబడేలా. పాటించని పీఆర్ రివ్యూకి వెళ్లదు. సగం మంది సరే అంటున్నారు, సగం మంది ఇది గుమాస్తా పని అంటున్నారు. మీరెటు?

సాదాపాఠం:
వద్దనే వైపు. "అన్నిటికీ ఒకటే" అన్న దగ్గరే ఇది బెడిసికొడుతుంది. కమిట్ మెసేజ్‌లో "## ఎందుకు" అని రాసి సేవ్ చేయండి, ఆ లైను మాయం. # తో మొదలయ్యే లైన్ని గిట్ కామెంట్ అనుకుని కొట్టేస్తుంది. కింది పేరా మిగులుతుంది గానీ అది దేని గురించో తెలీదు. పైగా గిట్ లాగ్ (పాత కమిట్ల జాబితా) దేన్నీ రెండర్ చెయ్యదు, అంటే గుర్తుల్ని ఫార్మాటింగ్‌గా మార్చదు, టెర్మినల్లో నక్షత్రాలు నక్షత్రాలుగానే కనబడతాయి.

అక్కడ పనికొచ్చే ఫార్మాటింగ్ చాలా కొంచెం. మొదటి లైను 50 అక్షరాల లోపు, తర్వాత ఒక ఖాళీ లైను, మిగతాది 72 దగ్గర విరగ్గొట్టడం. గిట్ లాగ్ ఎడమవైపు 4 స్పేసులు జరుపుతుంది. 80 కాలమ్‌ల టెర్మినల్లో కుడివైపు కూడా అంతే వదిలితే మిగిలేది 72. ఆ ఖాళీ లైను మరిచిపోతే మొదటి పేరా మొత్తం శీర్షికగా అతుక్కుపోయి వన్‌లైన్ లాగ్‌లో కొండచిలువలా సాగుతుంది.

స్లాక్ సంగతి ఇంకోటి. గిట్‌హబ్‌లో బోల్డ్‌కి రెండు నక్షత్రాలు, స్లాక్ బాట్ మెసేజ్‌లో ఒకటే. అక్కడ # పెట్టినా హెడింగ్ అవదు. పీఆర్ వివరణని బాట్ యథాతథంగా ఛానెల్లో పోస్ట్ చేస్తే ##, ** ముక్కలన్నీ మధ్యలో తేలుతుంటాయి.

నాలుగు_స్పేసులు:
చిన్న సవరణ. ఎడిటర్ తెరిచి రాసినప్పుడే # లైన్లు పోతాయి. కమాండ్‌లోనే -ఎం (-m) ఆప్షన్‌తో మెసేజ్ ఇస్తే మిగులుతాయి. కానీ రేపు ఇంకొకరు ఆ కమిట్‌ని అమెండ్ చేస్తూ (సవరిస్తూ) ఎడిటర్ తెరిస్తే అప్పుడు ఎగిరిపోతాయి, అది ఇంకా అధ్వానం. కావాలంటే గిట్ కాన్ఫిగ్‌లో కమిట్ క్లీనప్‌ని "సిజర్స్" అని పెట్టుకోవచ్చు (అప్పుడు # లైన్లు పోవు), లేదా కామెంట్ గుర్తునే # నుంచి సెమీకోలన్‌కి మార్చుకోవచ్చు. పది మంది మెషీన్లలో ఇది పెట్టించడం కంటే ఆ హెడింగ్ మానేయడమే తేలిక.

రాత్రి_ఆన్‌కాల్:
సాదాపాఠం గారూ, కమిట్ విషయంలో మీతో ఏకీభవిస్తాను. కానీ బ్యాక్‌టిక్‌ని బోల్డ్‌తో ఒకే గాటన కట్టకండి. బోల్డ్ అలంకారం. బ్యాక్‌టిక్ లేకపోతే రాసిన విషయమే చెడిపోతుంది. గిట్‌హబ్ కామెంట్‌లో బ్యాక్‌టిక్ లేకుండా ఇవి పెట్టి ప్రివ్యూ చూడండి:

లిస్ట్<స్ట్రింగ్> అని ఇంగ్లిష్‌లో రాస్తే లిస్ట్ ఒక్కటే మిగులుతుంది, <స్ట్రింగ్>ని తెలియని హెచ్‌టీఎంఎల్ ట్యాగ్ అనుకుని తీసేస్తుంది. __ఇనిట్__ రాస్తే అండర్‌స్కోర్లు పోయి బోల్డ్ అవుతుంది. 2*3*4 రాస్తే గుణకారం గుర్తులు పోయి 3 ఇటాలిక్ అవుతుంది. జీడీబీ డీబగ్గర్ ఇచ్చే బ్యాక్‌ట్రేస్ (ప్రోగ్రాం ఏ ఫంక్షన్ల మీదుగా అక్కడికి వచ్చిందో చూపే జాబితా) అతికిస్తే #1, #2, #3 ఫ్రేములు కాస్తా మీ రిపాజిటరీలో ఆ నంబర్ల ఇష్యూలకి లింకులైపోతాయి, ఆ పాత ఇష్యూల్లో మీ ప్రస్తావన కూడా పడుతుంది. @ఓవర్‌రైడ్ లాంటి జావా అనొటేషన్ పబ్లిక్ రిపాజిటరీలో రాస్తే ఆ పేరుతో ఖాతా ఉన్న ఎవరో పాపం నోటిఫికేషన్ తింటారు.

కమాండ్లయితే మరీ ప్రమాదం. మ్యాక్ నోట్స్‌లోనో వర్డ్‌లోనో రాసి తెస్తే నిటారు కోట్లు వంపు కోట్లవుతాయి, రెండు హైఫన్లు ఒక పొడుగు గీత అవుతాయి. షెల్‌కి (కమాండ్లు నడిపే ప్రోగ్రాంకి) వంపు కోటు కోటు కాదు, కాబట్టి స్పేస్ ఉన్న ఫైల్ పేరు రెండు ముక్కలవుతుంది. గిట్ పుష్ తర్వాత —ఫోర్స్ అని పొడుగు గీతతో ఇస్తే గిట్ దాన్ని రిపాజిటరీ పేరనుకుని దొరకలేదంటుంది. ఇది అదృష్టం, స్పేస్ ఉన్న పేరు మీద డిలీట్ కమాండ్‌కి అంత అదృష్టం ఉండదు.

లాగ్ స్క్రీన్‌షాట్ ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. అందులో సెర్చ్ పనిచెయ్యదు, ట్రేస్ ఐడీ కాపీ కాదు. ఎర్రర్ చుట్టూ ఓ 20 లైన్లు మూడు బ్యాక్‌టిక్‌ల మధ్య పెట్టండి, పూర్తి లాగ్‌ని డీటెయిల్స్ అనే హెచ్‌టీఎంఎల్ ట్యాగ్‌లో మడిచిపెట్టండి. దాని సమరీ లైను (మడత మీద కనబడే శీర్షిక) తర్వాత ఒక ఖాళీ లైను వదలకపోతే లోపలి మార్క్‌డౌన్ రెండర్ కాదు, చాలామంది బోల్తా పడేది అక్కడే.

సాదాపాఠం:
బ్యాక్‌టిక్ ఒప్పుకున్నా. మరి హెడింగులు? రెండు లైన్ల కాన్ఫిగ్ మార్పుకి మూడు హెడింగులు పెడితే రెండింటి కింద "వర్తించదు" అని పడుతుంది. వారం తిరక్కుండా అన్నిటి కిందా అదే పడుతుంది, రివ్యూ చేసేవాళ్లు ఆ భాగాలు చదవడం మానేస్తారు. "కొన్నిసార్లు ఫెయిల్ అవుతోంది" అన్న వాక్యాన్ని ఏ ఫార్మాటింగూ బాగుచెయ్యలేదు. "20 సార్లు నడిపితే 3 సార్లు, అదీ కాష్ (తాత్కాలిక నిల్వ) ఖాళీగా ఉన్నప్పుడే" అని రాస్తే బోల్డ్ అక్కర్లేదు.

వత్తు_ఒత్తు:
తెలుగులో రిలీజ్ నోట్లు, సపోర్ట్ పేజీలు రాసే టీములకి ఇంకో చిక్కుంది, ఇంగ్లిష్ గైడ్లలో కనపడదు. మనం విభక్తిని మాటకి అంటించి రాస్తాం. **కాష్**ని అంటే బోల్డ్ సరిగ్గానే వస్తుంది. అదే __కాష్__ని అని అండర్‌స్కోర్లతో రాస్తే రాదు, మాట మధ్యలో అండర్‌స్కోర్‌ని మార్క్‌డౌన్ లెక్కలోకి తీసుకోదు. **రీస్టార్ట్ (రెండుసార్లు)**కి అని రాసినా నక్షత్రాలు అలాగే బయటపడతాయి: మూసే నక్షత్రాలకి ముందు బ్రాకెట్, వెంటనే అక్షరం ఉంటే కామన్‌మార్క్ (మార్క్‌డౌన్‌కి ప్రామాణిక నియమావళి) దాన్ని మూసే గుర్తుగా ఒప్పుకోదు. బ్రాకెట్‌ని బోల్డ్ బయటికి తీయండి, లేదా ప్రత్యయాన్ని కూడా లోపలికి లాగండి. ఇటాలిక్ అసలు వద్దు. చాలా తెలుగు ఫాంట్లలో ఇటాలిక్ ఉండదు, బ్రౌజర్ మామూలు అక్షరాన్నే పక్కకి వంచుతుంది. చిన్న సైజులో వత్తులు అలికినట్టవుతాయి.

హెడింగుల మీద మాత్రం సాదాపాఠం గారితో విభేదిస్తాను. స్క్రీన్ రీడర్‌తో చదివేవాళ్లు హెడింగ్ నుంచి హెడింగ్‌కి ఒక్క కీతో దూకుతారు. బోల్డ్ చేసిన లైను వాళ్లకి మామూలు లైనే, చాలావాటిలో మామూలు సెట్టింగ్‌తో బోల్డ్ అని వినపడదు కూడా. డిజైన్ డాక్యుమెంట్‌లో, రన్‌బుక్‌లో (సమస్య వస్తే ఏం చెయ్యాలో చెప్పే పత్రం) హెడింగ్ ఉండాల్సిందే.

పచ్చడి_జాడీ:
సరే, నియమం మార్చి రాస్తున్నా. కమాండ్, లాగ్, ఐడెంటిఫయర్ (కోడ్‌లోని పేరు): ఎక్కడ రాసినా బ్యాక్‌టిక్, ఇది తప్పనిసరి. కమిట్ మెసేజ్: బ్యాక్‌టిక్ తప్ప మిగతాదంతా సాదా పాఠం, 50, 72. హెడింగులు: స్క్రీన్ దాటి స్క్రోల్ చెయ్యాల్సిన రాతకే. బోల్డ్ ఎవరిష్టం వారిది. ఒక సందేహం: ఈ నియమాన్నే రిపాజిటరీ గైడ్‌లో పెడుతూ మూడు బ్యాక్‌టిక్‌ల ఉదాహరణ చూపిస్తే, లోపలి బ్యాక్‌టిక్‌ల దగ్గరే బ్లాక్ ముగిసిపోతోంది.

నాలుగు_స్పేసులు:
బయట నాలుగు పెట్టండి. తెరిచినన్ని బ్యాక్‌టిక్‌లు మళ్లీ కనబడేదాకా బ్లాక్ మూసుకోదు. ఇంకోటి, ఈ పోస్టులో కొట్టిన ఎంటర్లని నమ్ముకుని గైడ్ ఫైల్లోకి అతికించకండి. గిట్‌హబ్ కామెంట్‌లో ఒక ఎంటర్ కొత్త లైను, అదే రిపాజిటరీ ఫైల్లో రెండు లైన్లూ కలిసిపోతాయి. లైను చివర రెండు స్పేసులు వదిలితే విరుగుతుంది గానీ, చివరి స్పేసులు తుడిచేసేలా ఎడిటర్ సెట్ చేసి ఉంటే సేవ్ చేయగానే పోతాయి. చివర ఒక బ్యాక్‌స్లాష్ పెట్టండి, దాన్ని ఎడిటర్ ముట్టుకోదు.