మంచు లారీలు, గడ్డి మెషిన్లు: మార్చాలా, బాగుచేసుకోవాలా?

లెక్కల_మనిషి
మా మున్సిపాలిటీలో మంచు తీసే లారీలు, పార్కుల్లో గడ్డి కోసే మెషిన్లు అన్నీ ఒకేసారి కొన్నారు. ఇప్పుడు అన్నీ ఒకేసారి మూలపడుతున్నాయి. ఏటా ఒకటో రెండో మారుస్తూ పోవాలని నా వాదన. కౌన్సిల్ వాళ్లేమో 'నడుస్తున్నాయిగా' అంటున్నారు. మీరేమంటారు?

పానా_చెయ్యి
బండి వయసు ఏళ్లలో లెక్కపెట్టేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది. మంచు లారీకి కిలోమీటర్లూ లెక్క కాదు. నత్తలా పాకుతున్నా ఇంజిన్, హైడ్రాలిక్ పంపు పనిచేస్తూనే ఉంటాయి. చూడాల్సింది ఇంజిన్ ఎన్ని గంటలు తిరిగిందో చూపే అవర్ మీటర్. అయినా చాలాసార్లు ఇంజిన్ నిక్షేపంగా ఉంటుంది, ఛాసిస్ పోతుంది. రెండు రేకులు కలిపిన ఛాసిస్ అయితే మంచు కరగడానికి రోడ్డు మీద చల్లే ఉప్పు నీళ్లలో కలిసి మధ్యలోకి దిగి, తుప్పు ఉబ్బి, మందపాటి ఉక్కునే విడదీస్తుంది. డ్యూటీ దిగాక అడుగుభాగం కడిగితే చాలావరకు ఆగుతుంది. కడిగేదెవరు?

సందు_చివరిల్లు
కొత్తదైతే ఏంటి, పాతదైతే ఏంటి? నేను గంటసేపు పార పట్టి గేటు ముందు శుభ్రం చేస్తాను, లారీ వచ్చి మళ్లీ గుట్ట పోసి పోతుంది. ముందు దాని గురించి మాట్లాడండి.

చలిమంట
అన్నీ ఎలక్ట్రిక్‌వి కొనేస్తే పోలా?

లెక్కల_మనిషి
గడ్డి మెషిన్లకి సరే. గడ్డకట్టే చలిలో రాత్రంతా ప్లౌతో (లారీ ముందుండే పలకతో) మంచు తోయాలంటే కష్టం, చలికి బ్యాటరీ తొందరగా దిగిపోతుంది.

పానా గారూ, కడగడం ఒక్కటే కాదండీ. లారీ వెనక ఉప్పు చల్లే పాత స్ప్రెడర్, లారీ ఆగినా పోస్తూనే ఉంటుంది. సిగ్నల్ దగ్గర తెల్లటి కుప్పలు మీరూ చూసే ఉంటారు. కొత్తవి బండి వేగాన్ని బట్టి చల్లుతాయి. ఉప్పుని ముందే ఉప్పునీళ్లతో తడిపితే ఎగిరి పక్కకి పోదు, రోడ్డు మీదే నిలుస్తుంది. ఎంత ఉప్పు మిగులుతుందో ఆలోచించండి.

పానా_చెయ్యి
మైనస్ 10 దాటాక మామూలు ఉప్పు దాదాపు పనిచెయ్యదు. 23 శాతం ఉప్పునీళ్లు మైనస్ 21 దాకా గడ్డకట్టవు, నిజమే. కానీ మంచు కరిగేకొద్దీ ఆ నీళ్లు పలచబడతాయి, మళ్లీ గడ్డకడతాయి. ఇదంతా కొత్త బండిలో రాసి ఉండదు, తోలేవాడికి తెలియాలి.

సందు_చివరిల్లు
నా గేటు?

లెక్కల_మనిషి
మీకు కొత్త బండ్లంటే భయం. కంప్యూటర్ పెట్టి లోపం చూడటం రాదు, అందుకే పాతవే బాగున్నాయంటారు.

పానా_చెయ్యి
భయమా? 15 ఏళ్లు ఆ షెడ్డులో చేశాను. నన్ను ఇంటికి పంపి, నా పోస్టు ఖాళీగా ఉంచి, ఆ జీతాన్ని పొదుపు అని చూపించారు. అప్పుడు ఈ లెక్కలన్నీ ఎక్కడికి పోయాయి? రేపు కొత్త లారీ వస్తుంది. కడిగేవాడు లేడు, గ్రీజు పెట్టేవాడు లేడు. ఐదేళ్లకి మళ్లీ ఇదే చర్చ పెట్టుకుందాం.

లెక్కల_మనిషి
సార్, మా అమ్మకి వారానికి మూడుసార్లు డయాలసిస్. పోయిన చలికాలం మా వీధికి రావాల్సిన లారీ హైడ్రాలిక్ హోస్ (పంపు నుంచి నూనె వెళ్లే గొట్టం) పగిలి నడిరోడ్డులో ఆగిపోయింది. బదులుగా పంపడానికి ఇంకొకటి లేదు. మేం వెళ్లేసరికి మధ్యాహ్నం దాటింది. నాకు కావాల్సింది షోరూమ్ మెరుపు కాదు, పొద్దున్నే రోడ్డు.

చలిమంట
అయితే కొత్తది వచ్చాక పాతది అమ్మకుండా స్పేర్‌గా ఉంచుకోవచ్చుగా.

పానా_చెయ్యి
ఏ లారీనో తెలుసు. ఆ హోస్ పైపొర పగుళ్లిచ్చి లోపలి తీగలు బయటికి కనిపించేవి. మార్చమని రెండుసార్లు రాసిచ్చాను. మొత్తం బండితో పోలిస్తే దాని ఖరీదెంతని! అమ్మగారి సంగతి తెలీదండీ, ఏమనుకోకండి.

లెక్కల_మనిషి
ఆ రాసిచ్చిన కాగితాల కాపీలున్నాయా?

పానా_చెయ్యి
ఉన్నాయి. కానీ కొత్త బండ్ల అర్జీకి జత చేస్తానంటే ఇవ్వను. మొదటి లైన్లో మెకానిక్ పోస్టు నింపమని రాయండి, అప్పుడు ఇస్తాను.

లెక్కల_మనిషి
రెండో లైన్లో రాస్తే?

పానా_చెయ్యి
మొదటి లైన్లో.