పిల్లల అడినాయిడ్స్‌కి ఎక్స్‌రే తీయించాలా, అక్కర్లేదా?

వరంగల్ నాన్న:
మా బాబుకి అయిదేళ్లు. ఏడాదిగా రాత్రిళ్లు నోరు తెరుచుకునే పడుకుంటున్నాడు, గురక కూడా పెడుతున్నాడు. మొదట చూపించిన డాక్టరు గారు మెడ సైడ్ ఎక్స్‌రే తీయించి, "ముక్కు వెనక కండ బాగా పెరిగింది, ఆపరేషన్ చేయించండి" అన్నారు. రిపోర్టులో ఏ-ఎన్ నిష్పత్తి 0.82 అని ఉంది. రెండో డాక్టరు గారు ఆ ఫిల్మ్‌ని ఒకసారి చూసి పక్కన పెట్టేశారు. ముక్కులోంచి స్కోప్ (సన్నటి కెమెరా గొట్టం) వేసి చూద్దాం అన్నారు. అసలు ఎక్స్‌రే పనికొచ్చేదేనా అండీ? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.

ఎక్స్‌రే గది:
పదిహేనేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. పనికొస్తుంది సార్. నోరు తెరిపించి టార్చి వేస్తే టాన్సిల్స్ కనిపిస్తాయి గానీ అడినాయిడ్ కనిపించదు, అది అంగిలికి పైన, ముక్కు వెనక దాక్కుని ఉంటుంది. సైడ్ ఫిల్మ్‌లో అయితే తెలుస్తుంది. మీరు చెప్పిన నిష్పత్తి 1979లో ఫుజియోకా బృందం ఇచ్చిన లెక్క. కండ మందాన్ని, ఆ చోట ఉన్న మొత్తం జాగాతో భాగిస్తారు. 0.8 దాటితే పెద్దదని అనుకుంటారు. ఒక్క ఫిల్మ్‌తో అయిపోతుంది, రేడియేషన్ చాలా తక్కువ, పిల్లాడి ముక్కులో ఏమీ పెట్టక్కర్లేదు.

గుంటూరు అమ్మ:
నేను ఒప్పుకోను. మా పాప ఎక్స్‌రే దగ్గర గుక్కపట్టి ఏడ్చింది. అలాగే తీసేశారు. గాలిదారి పూర్తిగా మూసుకుపోయిందని రిపోర్టు వచ్చింది. నెల తర్వాత ఇంకోచోట, పాప నిమ్మళంగా ఉన్నప్పుడు తీస్తే అదే దారి నల్లటి పట్టీలా స్పష్టంగా కనిపించింది! మధ్యలో ఒక్క మందూ వాడలేదు. ఆ మొదటి కాగితం నమ్మి ఉంటే ఆపరేషన్ తేదీ కూడా తీసేసుకునేవాళ్లం.

ఎక్స్‌రే గది:
అది ఎక్స్‌రే తప్పు కాదమ్మా, తీసిన తీరు తప్పు. ఏడ్చినా, గుటక వేసినా మెత్తటి అంగిలి పైకి లేచి కండకి ఆనుకుంటుంది. అప్పుడు దారి మూసుకుపోయినట్టే పడుతుంది. తల కొంచెం పక్కకి తిరిగినా కొలత మారిపోతుంది. నేనైతే పిల్లల్ని ముందు కాసేపు బయట కూర్చోబెడతాను. తర్వాత "నోరు మూసుకుని పువ్వు వాసన చూడు నాన్నా" అంటాను. ముక్కుతో గాలి పీల్చగానే బటన్ నొక్కుతాను.

ఈఎన్‌టీ డాక్టర్:
మీ ఇద్దరి మాటా నిజమే, కానీ వరంగల్ నాన్న గారికి కావలసిన జవాబు ఇందులో లేదు. 0.82 అన్నది కండ సైజు. అంకె ఒకటే ఉన్న ఇద్దరు పిల్లల్లో ఒకరు హాయిగా నిద్రపోతారు, ఇంకొకరు రాత్రంతా ఊపిరికి కొట్టుకుంటారు. ఆపరేషన్ ఆ అంకెకి చేయం, పిల్లాడి బాధకి చేస్తాం.

నేను ముందు అడిగేవి ఇవీ: నిద్రలో ఊపిరి ఆగి, ఉలిక్కిపడి మళ్లీ తీసుకుంటున్నాడా? టీవీ సౌండ్ పెంచమంటున్నాడా, పిలిస్తే పలకడం లేదా? చెవిపొర వెనక నీరు చేరిందేమో టింపనోమెట్రీ చేసి చూడాలి. అడినాయిడ్ పక్కనే చెవి గొట్టం తెరుచుకుంటుంది కాబట్టి ఇది ముఖ్యం. ఎక్స్‌రే నీడలో ఆ గొట్టం ముఖద్వారం కనిపించదు, సన్నటి స్కోప్‌లో కళ్లారా కనిపిస్తుంది. కొండనాలుక రెండుగా చీలి ఉందా అని కూడా చూడాలి, అది అంగిలి లోపల పైకి కనిపించని చీలికకి గుర్తు కావచ్చు. అలాంటి చీలిక ఉన్న పిల్లలకి అడినాయిడ్ మొత్తం తీసేస్తే మాట ముక్కులోంచి వచ్చే ప్రమాదం ఉంది. ఈ జాగ్రత్త ఏ ఫిల్మూ చెప్పదు.

అలర్జీ ఉండి, ఇబ్బంది తక్కువగా ఉంటే కొన్ని వారాలు ముక్కు స్ప్రే వాడి చూస్తాం. పెద్దవుతుంటే కండ దానంతటదే తగ్గుతుంది కూడా. కానీ ఊపిరి ఆగుతున్న పిల్లాడి విషయంలో ఆ ధీమాతో కూర్చోకూడదు.

ఎక్స్‌రే గది:
సరే సార్. కానీ మా ఊళ్లో పిల్లలకి వేసే స్కోప్ లేదు. అరవై కిలోమీటర్లు వెళ్లాలి. రోజు కూలి పోగొట్టుకుని వచ్చే తల్లికి ఎక్స్‌రే వద్దని ఎలా చెప్పను?

ఈఎన్‌టీ డాక్టర్:
చెప్పొద్దు. స్కోప్ లేనిచోట, పెట్టనివ్వని పిల్లలకి నేనూ రాస్తాను. బాగా తీసిన ఫిల్మ్ అయితే చాలు. ఆ ఒక్క కాగితం మీదే కత్తి పట్టొద్దనే నా గొడవంతా. నాన్న గారూ, ఈ రాత్రి బాబు చొక్కా విప్పి, ఛాతీ, పొట్ట కనిపించేలా నిద్రలో వీడియో తీయండి.

వరంగల్ నాన్న:
తీశాను సార్. రెండున్నరకి గురక ఒక్కసారిగా ఆగింది. చప్పుడు లేదు, పొట్ట మాత్రం ఎగసెగసి పడుతోంది. పన్నెండు లెక్కపెట్టాక గట్టిగా గాలి పీల్చి పక్కకి తిరిగాడు. అలా ఇరవై నిమిషాల్లో నాలుగుసార్లు. మా ఆవిడ చూసి ఏడ్చేసింది. ఇన్నాళ్లూ గురకే కదా అనుకున్నాం. పొద్దున్నే రెండో డాక్టరు గారి దగ్గరికి వెళ్తున్నాం, ఫిల్మ్ కవరూ ఫోనూ రెండూ పట్టుకుని.