శనివారం సినిమా సాయంత్రం: హాలు వాళ్ళు సినిమా వద్దన్నారు, అందరూ వెంటనే చూడండి

మండపేట:
ఇంగ్లండ్‌లో ఉంటూ, సొంతూళ్ళ పేర్లతో ఈ గ్రూపులో రాసుకునే మన గోదావరి వాళ్ళందరికీ నమస్కారమండి. శనివారానికి మిగిలిన పనులు రాద్దామని కూర్చున్నాను. హాలు బాకీ సగం శుక్రవారం లోపు కట్టాలి. పులిహోర, గారెలు రాజోలు వాళ్ళు చూస్తామన్నారు. ప్రొజెక్టరూ తెరా స్పీకర్లూ అమలాపురం తమ్ముడు తెస్తాడు. పెద్దవాళ్ళని కార్లలో తీసుకొచ్చే పని తణుకు వాళ్ళది. అందరూ ఫారంలో రాసిన మర్చిపోలేని సినిమా, మర్చిపోవాలనుకునే సినిమా జవాబులు గోడకి అతికించే పని నర్సాపురం అన్నయ్యది. ఇంతవరకు రాసేసరికి హాలు మేనేజర్ దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. హాలు మనకే ఇస్తారట, సినిమా మాత్రం వెయ్యకూడదట. హక్కులున్నవాళ్ళ నుంచి రాతపూర్వకంగా అనుమతి, ఏ వయసువాళ్ళు చూడొచ్చో చెప్పే ఇక్కడి రేటింగ్, రెండూ చూపిస్తేనే ఒప్పుకుంటారట. గురువారం సాయంత్రం దాకా గడువు. మూగమనసులు పెద్ద తెర మీద చూడొచ్చని హాలు నిండా సరిపడే మంది పేర్లిచ్చారు. నాకు చాలా టెన్షన్‌గా ఉంది. ఎవరికి ఏది తోస్తే అది ఇక్కడే రాయండి, ఆఫీసులో ఫోన్ ఎత్తలేను.

అమలాపురం:
అక్కా, నా దగ్గర ఒరిజినల్ డీవీడీ ఉంది, డబ్బులు పెట్టి కొన్నదే. టికెట్ కూడా పెట్టట్లేదు కదా మనం. ఇంకేం అనుమతి కావాలంట?

నర్సాపురం:
తమ్ముడూ, డీవీడీ కొంటే ఇంట్లో చూసుకునే హక్కే వస్తుంది. ఊరందరినీ పిలిచి హాల్లో వేస్తే అది పబ్లిక్ షో కింద లెక్క, డబ్బులు తీసుకున్నా తీసుకోకపోయినా. ఇంగ్లండ్‌లో 2015 నుంచి ఒక సడలింపు ఉంది. లాభం కోసం కాకుండా కమ్యూనిటీ హాల్లో, 500 మందికి మించకుండా వేసుకుంటే కౌన్సిల్ లైసెన్స్ అక్కర్లేదు. కానీ దానిక్కూడా సినిమాకి వయసు రేటింగ్ ఉండాలి, హక్కుదారు అనుమతి ఎలాగూ వేరే తెచ్చుకోవాలి. 1964 నాటి తెలుగు సినిమాకి ఇక్కడి రేటింగ్ ఉందేమోనని వెతికాను, నాకైతే కనపడలేదు. మేనేజర్ అడిగినదాంట్లో తప్పేం లేదు.

పాలకొల్లు:
ఇన్నేళ్ళూ గుడి హాల్లో వేసుకున్నాం, ఒక్కళ్ళు కాగితం అడిగిన పాపాన పోలేదు. ఉన్న హాలు వదిలేసి ఈ కొత్త హాలు తీసుకోమని ఎవరన్నారండీ? పెద్దవాణ్ణి, ఒక్క మాట నన్నడిగితే ఏం పోయేది? వారం రోజుల్లో కార్యక్రమం పెట్టుకుని ఇప్పుడు కాగితాలు వెతుక్కోవడం ఏంటి!

రాజోలు:
గుడి హాలుకి మెట్లెక్కి పైకెళ్ళాలి బాబాయ్ గారూ. మా అత్తగారు కిందటేడాది కార్లోంచి దిగలేక అలాగే ఇంటికి వెళ్ళిపోయారు. ఆవిడకి జమున అంటే ప్రాణం. ఈసారి ఆవిడ చూడాలనే మండపేట అక్కా నేనూ తిరిగి తిరిగి ఈ హాలు పట్టుకున్నాం.

పాలకొల్లు:
నేను మీ అత్తగారినేమైనా అన్నానా అమ్మా? చెప్పకుండా మార్చారన్నదే నా బాధ.

అమలాపురం:
హాలు సంగతి తర్వాత చూద్దామండి. సినిమా యూట్యూబ్‌లో ఉంది. మేనేజర్ ఆరింటికి తాళాలిచ్చి వెళ్ళిపోతాడు. తర్వాత మనం ఏం వేసుకుంటే ఎవరు చూడొచ్చారు?

నర్సాపురం:
కుదరదు. హాలు కాగితం మీద సంతకం మండపేట అక్కది. వద్దని రాసిచ్చాక కూడా వేస్తే రేపు ఏదొచ్చినా ఆవిడ మెడకే చుట్టుకుంటుంది. ఆవిడ ఉద్యోగం ఆవిడకుంది, పిల్లలున్నారు.

అమలాపురం:
అన్నిటికీ కుదరదు అంటే ఎలా అన్నయ్యా? తెర కోసం ఆఫీసుకి సెలవు పెట్టి అంత దూరం వెళ్ళి తెచ్చాను. కుదిరేదేంటో కూడా మీరే చెప్పండి మరి.

తణుకు:
వేరే సినిమా చూడొచ్చేమో కదా? 2006లో వచ్చిన గోదావరి ఉంది, రాజమండ్రి నుంచి భద్రాచలం దాకా బోటు ప్రయాణం, పెద్దలకీ పిల్లలకీ నచ్చుతుంది. కొత్తది కాబట్టి హక్కులు ఎవరివో తేలిగ్గా తెలుస్తుంది.

రాజోలు:
కొత్తదే అయితే రంగస్థలం వేద్దాం, సుకుమార్‌ది మా రాజోలు పక్క మట్టపర్రు. కానీ మా అత్తగారు అంత కొట్లాట చూడలేరు.

పాలకొల్లు:
బోటు ప్రయాణమే కావాలంటే 1973లోనే అందాల రాముడు వచ్చింది. బాపు గారిది మన నర్సాపురం, రమణ గారిది ధవళేశ్వరం. ఎప్పుడూ రాజమండ్రి గట్టు సినిమాలేనా, ఒక్కసారైనా మా వెస్టు గోదావరి వైపు చూడండి.

మండపేట:
ఈస్టూ వెస్టూ ఇప్పుడెందుకండీ! రాజమండ్రి గట్టున నిలబడి చూస్తే అటు కొవ్వూరు కనపడట్లేదా? ఏ సినిమా అయినా మేనేజర్ అడిగే కాగితాలు అవే. నర్సాపురం అన్నయ్యా, హైదరాబాద్‌లో ఎవరినో అడుగుతానన్నారు, ఏమైంది?

నర్సాపురం:
ఇప్పుడే మాట్లాడాను. ఆయన సినిమాల లావాదేవీలు బాగా తెలిసిన మనిషి. పాత సినిమా హక్కులు ఒక్క చోట ఉండవట. నెగెటివ్ ఒకరి దగ్గర, టీవీ హక్కులు ఇంకొకరికి, పాటలు ఆడియో కంపెనీకి, ఇంటర్నెట్‌ది మరొకరికి, ఇలా ఎప్పటికప్పుడు అమ్ముకుంటూ పోతారు. విదేశంలో ఒక్క ఆట అంటే అది ఎవరి చేతిలో ఉందో వాళ్ళే కాగితాలు తిరగేసుకోవాలి. గురువారం లోపు జరిగే పని కాదు అన్నారు. కొత్త సినిమాకి మనిషి దొరికినా రేటు మాట్లాడుకోవాలి, ఆ డబ్బు మన దగ్గర లేదు. సినిమా ఆశ వదిలేసుకుందాం. ఈ మాట రాయడానికి నాకే మనసు రావట్లేదు. సావిత్రి, జమున, నాగేశ్వరరావు ముగ్గురినీ పెద్ద తెర మీద ఇంకోసారి చూడాలని నేను ఎంత అనుకున్నానో మీకు తెలుసు.

తణుకు:
సినిమా లేకపోతే ఆ గోడనే పెద్దది చేద్దాం. ముఖ్యంగా మర్చిపోవాలనుకునే సినిమాలు. వాటి పోస్టర్లు తెర మీద ఒక్కొక్కటే వేసి, మైకులో అందరి చేతా చెప్పిస్తే హాలంతా నవ్వులే. దానికి గంట తేలిగ్గా గడుస్తుంది.

పాలకొల్లు:
ఆ పని మాత్రం చెయ్యొద్దు. అలా చేస్తే నేను రాను.

తణుకు:
ఎందుకు బాబాయ్ గారూ? సరదాకే కదండీ.

పాలకొల్లు:
చెప్తాను. మా నాన్నగారు వెస్టుకి సినిమాలు కొనేవారు. మీలో చిన్నవాళ్ళకి తెలియకపోవచ్చు, సినిమాని నైజాం (తెలంగాణ), సీడెడ్ (రాయలసీమ), ఉత్తరాంధ్ర, ఈస్టు, వెస్టు, కృష్ణా, గుంటూరు, నెల్లూరు అని ముక్కలు చేసి అమ్ముతారు, ఇప్పటికీ అంతే. మన రెండు గోదావరి జిల్లాలూ రెండు వేరే ఏరియాలు. ఒకసారి పెద్ద హీరోదని నమ్మి, తాహతుకి మించిన రేటు పెట్టి, కొబ్బరితోట తాకట్టు పెట్టి కొన్నారు. మొదటి రోజు మొదటి ఆటకి జనం గేట్లు విరగ్గొట్టుకుని వచ్చారు. ఇంటర్వెల్‌లో సోడా తాగుతూ ఒక్కరూ మాట్లాడుకోలేదు. బయట నిలబడి చూస్తున్న నాన్నగారికి అప్పుడే అర్థమైపోయింది. ఆదివారం రెండో ఆటకి కుర్చీలు ఖాళీ, నేల టికెట్లు కూడా తెగలేదు. తర్వాత తోట పోయింది, అక్క పెళ్ళి రెండేళ్ళు వెనక్కి జరిగింది. ఆ సినిమా పేరు మా ఇంట్లో ఎవ్వరం అనం, టీవీలో వస్తే ఛానల్ మార్చేస్తాం. అది మంచి సినిమా కాదు, ఆ మాట నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆ పోస్టర్ తెర మీద వేసి జనం నవ్వుతుంటే నేను చూడలేను. ఇంకో మాట కూడా చెప్పాలి. తోట అమ్మిన వారమే మా నాన్నగారు ఇంకో సినిమాకి వెళ్ళారు. ఆయనకి సినిమా అంటే కోపం రాలేదు.

రాజోలు:
బాబాయ్ గారూ, ఇన్నేళ్ళలో ఈ సంగతి ఎప్పుడూ చెప్పలేదు మీరు.

తణుకు:
పోస్టర్లు వద్దండి. ఆ ఆలోచన ఇక్కడితో ఆపేద్దాం.

నర్సాపురం:
ఫారాలన్నీ నా దగ్గరే ఉన్నాయి, ఇందాకటి నుంచి మళ్ళీ చదువుతున్నాను. మర్చిపోలేని సినిమా దగ్గర అందరూ ఇంచుమించు ఒకే పేర్లు రాశారు, అవి పాలకొల్లులో చూసినా ఇక్కడ చూసినా ఒకటే. మర్చిపోవాలనుకునే సినిమా దగ్గర మాత్రం ఒక్కొక్కరిదీ ఒక్కో కథ, అది కూడా సినిమా బాగోలేదని రాసినవాళ్ళు తక్కువ. ఒకావిడ, పేరు చెప్పను, 1996 నవంబర్ 6న కోనసీమలో మ్యాట్నీ చూసి ఇంటికొచ్చారట, ఆ రాత్రే తుపాను. సినిమా మంచిదే, మళ్ళీ చూడలేదు అని రాశారు. ఇంకొకాయన, 2019 సెప్టెంబర్‌లో కచ్చులూరు దగ్గర బోటు మునిగాక పాపికొండల్లో లాంచీ మీద తీసిన పాట ఏది వచ్చినా వాళ్ళమ్మగారు లేచి వెళ్ళిపోతారని రాశారు. ఇందాక మనమే బోటు సినిమా వేద్దామని ఎంత తేలిగ్గా అనుకున్నాం చూడండి. వీటిని కాగితాల మీద అతికించి గోడకి వదిలేయడం నాకు ఇష్టం లేదు. చెప్పగలిగినవాళ్ళు మైకులో చెప్తే బాగుంటుంది. సినిమా పేరు చెప్పాలా వద్దా అన్నది వాళ్ళిష్టం.

మండపేట:
అన్నయ్యా, ఇది బాగుంది. నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. మరి పాటలు పాడుకోవచ్చా? గోదారి గట్టుంది పాట లేకుండా మూగమనసులు సాయంత్రం అని పేరెలా పెడతాం?

నర్సాపురం:
మేనేజర్‌ని అడిగాను. హాలుకి మ్యూజిక్ లైసెన్స్ ఉందట, మనుషులు పాడుకోవడం అందులోకే వస్తుందని, అభ్యంతరం లేదని రాసిచ్చారు. రికార్డు వెయ్యొద్దు, మనమే పాడదాం.

రాజోలు:
మా అత్తగారికి సుశీల పాటలన్నీ వచ్చు. గొంతు కాస్త సన్నబడింది గాని స్వరం తప్పదు. అడిగితే ఇప్పుడే సాధన మొదలుపెట్టారు, వంటింట్లోకి వినపడుతోంది.

కొవ్వూరు:
ఆయ్, అందరికీ నమస్కారం. సెలవు మీద ఇంటికొచ్చాను కదా, ఇక్కడ ఇంకా తెల్లవారలేదు, నిద్రపట్టక మీరు రాసిందంతా చదివాను. సినిమా వెయ్యకూడదు సరే, తెర ఖాళీగా ఎందుకుండాలి? నా ఫోన్‌తో నేను తీసింది వేస్తే ఎవరి అనుమతీ అక్కర్లేదు కదా? తెల్లారగానే కుమారదేవం గట్టుకి వెళ్తాను. ఎన్నో సినిమాల్లో కనపడ్డ నిద్రగన్నేరు చెట్టు అక్కడే ఉండేది, అందరూ సినిమా చెట్టు అనేవాళ్ళు, 2024 ఆగస్టులో కూలిపోయింది. ఆ చోటూ, రేవూ, గోదారీ తీసి పంపిస్తాను. బండి మీద పులిదిండి కూడా వెళ్ళొస్తాను, బాపు గారి మొదటి సినిమా సాక్షి 1967లో ఆ ఊళ్ళోనే తీశారు. ఇంకా ఎవరికైనా వాళ్ళ ఊళ్ళో ఏదైనా చూడాలనుంటే చెప్పండి, ఎండెక్కేలోపు తిరగగలిగినంత తిరుగుతాను.

పాలకొల్లు:
బాబూ, అంత దూరం రమ్మనడం న్యాయం కాదు గాని, వీలైతే పాలకొల్లులో మా నాన్నగారి ఆఫీసు ఉన్న వీధి ఒకసారి తీసిపెట్టు. ఇప్పుడక్కడ ఏముందో నాకు తెలీదు. దారి విడిగా రాస్తాను.

కొవ్వూరు:
తప్పకుండా బాబాయ్ గారూ. కారులో రావులపాలెం మీదుగా వెళ్ళొస్తాను, పెద్ద దూరమేం కాదు.

అమలాపురం:
మా అమలాపురంలో నాకేం వద్దన్నా, దారిలో గోదారి వంతెన మీద ఒక్క నిమిషం ఆగి తియ్యండి చాలు. ఫోన్ అడ్డంగా పట్టుకోండి, నిలువుగా తీస్తే తెర మీద సగం నల్లగా వస్తుంది. తీసినవి తీసినట్టే పంపండి, అతికించే పని నేను చూసుకుంటాను.

రాజోలు:
ఈ హడావిడిలో గారెలు నా వల్ల కాదండి, అత్తగారి పాటకి హార్మోనియం వెతకాలి. ఎవరింట్లో ఏది వండితే అది ఒక గిన్నెడు ఎక్కువ తెచ్చుకోండి. హార్మోనియం ఎవరి దగ్గరుంది?

తణుకు:
మా పక్కింటివాళ్ళ దగ్గర ఉంది, అడిగాను, ఇస్తామన్నారు. తణుకు నుంచి వచ్చిన పెద్దవాళ్ళతో పాటు అదీ నా కార్లోనే తెస్తాను. బాబాయ్ గారూ, మిమ్మల్ని కూడా నాలుగింటికి వచ్చి ఎక్కించుకుంటాను.

పాలకొల్లు:
మూడున్నరకే రా. మైకు స్టాండ్ మీద పెట్టించండి, చేతిలో పట్టుకుని నిలబడలేను. మొదట రాజోలు అమ్మాయి అత్తగారు పాడతారు, తర్వాత నేను మాట్లాడతాను. సినిమా పేరు చెప్తాను.

మండపేట:
మేనేజర్‌కి మెయిల్ పెట్టేశాను, సినిమా లేదు, పాటలూ మాటలూ మనం తీసుకున్న వీడియో మాత్రమే అని. ఒప్పుకున్నారు. పేర్లిచ్చిన అందరికీ సంగతి ఈ రాత్రే చెప్పేస్తాను, సినిమా లేదని రానివాళ్ళు ఉంటే ఉంటారు. మైకులో చెప్పేవాళ్ళు నర్సాపురం అన్నయ్యకి రాయండి.

అమలాపురం:
కొవ్వూరు అన్న పంపినవి మూడు వచ్చాయి. గట్టు మీద గాలి హోరు బాగా ఉంది, పాడేటప్పుడు దాన్ని తగ్గిస్తాను. నా హెచ్‌డీఎంఐ కేబుల్ ఆ హాలుకి పొట్టిదవుతుంది, పొడుగుది ఉన్నవాళ్ళు శనివారం మూడింటికల్లా తెచ్చివ్వండి.