స్ట్రాబెర్రీ, క్రీమ్, వెనిగర్: ఎండకాలంల విరగకుండ ఎట్ల చెయ్యాలె?

సుబేదారి చెల్లె అడిగింది:

నమస్తే అక్కలూ, అన్నలూ. వచ్చే ఆదివారం 12 మందికి చల్లటి స్వీట్ పెట్టాలె. తాజా స్ట్రాబెర్రీలకు కొంచెం వెనిగర్ పట్టించి, క్రీమ్‌తోటి కప్పులల్ల పెట్టేది. కొలత చూద్దామని ముందుగాల కొంచెం కలిపి చూసిన. ఫ్యాట్ 25% అని రాసున్న ఫ్రెష్ క్రీమ్ 400 మి.లీ., స్ట్రాబెర్రీలు 400 గ్రాములు, తెల్ల వెనిగర్ 2 టేబుల్ స్పూన్లు, చక్కెర 4 స్పూన్లు. అన్నీ ఒక్కతానే వేసి బీటర్‌తో గిలకొట్టిన. అసలు పొంగలేదు. పది నిమిషాలల్ల సన్న రవ్వ లెక్క అయి, అడుగున గులాబీ రంగు నీళ్లు దిగినయి. వెనిగర్ ఘాటు ముక్కుకు కొడుతున్నది.

ఏ వెనిగర్ వాడాలె? క్రీమ్ మార్చాల్నా? బయట ఎండ 42 దాటుతున్నది, కప్పు టేబుల్ మీద పెట్టినంక కనీసం అరగంట నిలవాలె. ఇంట్ల అందరు శాకాహారులే, జిలాటిన్ వద్దు.

మీగడకుండ:

చెల్లే, నువ్వు చేసింది పనీర్ పనే. పాలు విరగ్గొట్టాలంటే మనం ఏం పోస్తం? నిమ్మరసమన్న పోస్తం, వెనిగరన్న పోస్తం. ఫ్రెష్ క్రీమ్‌ల కొవ్వు 25 శాతమే, మిగిలిందంత దగ్గర దగ్గర పాలే. ఆ పాలల్ల ఉండే కేసిన్ అనే ప్రొటీన్, పులుపు పెరిగి పీహెచ్ (పులుపు కొలిచే అంకె, పులుపు పెరిగితే ఇది తగ్గుతది) 4.6 దగ్గరికి దిగంగనే ముద్దలు కడుతది. నువ్వు చూసిన రవ్వ అదే. వెనిగర్ ఒక్కటే కాదు, స్ట్రాబెర్రీ రసం గూడ పులుపే. రెండు కలిసి పని కానిచ్చినయి.

పొంగకపోవుడు వేరే సంగతి. క్రీమ్ గిలకొడితే గాలి బుడగలు నిలవాలె. ఆ బుడగల చుట్టు గోడ కట్టేది కొవ్వు. 30 శాతం కంటె తక్కువుంటే ఆ గోడ నిలవది, ఎంత గిలకొట్టినా చిక్కటి పాల లెక్కనే ఉంటది. విప్పింగ్ క్రీమ్ అని డబ్బా మీద రాసున్నది తీసుకో, ఫ్యాట్ 35% ఉంటే ఇంకా మంచిది. "విప్ టాపింగ్" అని అమ్మేది వేరు, అండ్ల ఉండేది పాల కొవ్వు కాదు, నూనె కొవ్వు. ఎండకు బాగనే నిలుస్తది గని నాలుకకు పూత పట్టినట్టు ఉంటది, పండు రుచి పైకి రాదు. నేనైతే వాడ.

గిన్నె, బీటర్ కడ్డీలు 20 నిమిషాలు ఫ్రీజర్‌ల పెట్టు. క్రీమ్ ఫ్రిజ్‌ల కనీసం రాత్రంత ఉండాలె. పెద్ద గిన్నెల ఐసుముక్కలు పోసి, దాంట్ల చిన్న గిన్నె పెట్టి గిలకొట్టు. మన వంటింట్ల ఇది లేకుంటే క్రీమ్ 15 డిగ్రీలు దాటుతది, కొవ్వు కరిగి బుడగలు కూలిపోతయి. కడ్డీ ఎత్తితే కొన మెత్తగ వంగాలె, అక్కడ ఆపెయ్యి. ఇంకో నిమిషం కొట్టినవంటే అంచులకు పసుపు పచ్చ మెరుపు వస్తది, అంటే వెన్న మొదలైనట్టు.

ఒక్క మాట గుర్తు పెట్టుకో: వెనిగర్ పండుకు పెట్టాలె, క్రీమ్‌కు కాదు. రెండింటిని కలిపేది కప్పుల పోసేటప్పుడే.

ఓరుగల్లు ఓవెన్:

వెనిగర్ గురించి చెబుతాను, అందరూ తప్పు చేసేది ఇక్కడే.

మీరు వాడిన తెల్లది సింథటిక్ వెనిగర్ అయి ఉంటుంది, సీసా మీద ఆ మాట రాసి ఉందేమో చూడండి. అది నీళ్లలో కలిపిన ఎసిటిక్ ఆమ్లం, అంతే. ఫ్రైడ్ రైస్‌కీ ఊరగాయలకీ సరే, పండుకు పనికిరాదు. దానికి పులుపే తప్ప వాసన, తీపి ఏవీ లేవు. పైగా 400 గ్రాముల పండుకు రెండు టేబుల్ స్పూన్లు, అంటే 30 మి.లీ., చాలా ఎక్కువ.

స్ట్రాబెర్రీకి వెనిగర్ పట్టించే పద్ధతి ఇటలీలోని మోడెనా ప్రాంతానిది, అక్కడ వాడేది బాల్సమిక్ వెనిగర్. ద్రాక్ష రసాన్ని మరిగించి చేస్తారు కాబట్టి పులుపుతో పాటు తీపీ, కొంచెం బెల్లం పాకం లాంటి రుచీ ఉంటాయి. పీపాల్లో కనీసం 12 ఏళ్లు ఉంచిన సంప్రదాయ రకం చాలా ఖరీదు, చుక్కల్లో వాడేది, మనకు అక్కర్లేదు. సూపర్ మార్కెట్‌లో దొరికే మామూలు సీసా చాలు. వెనుక పదార్థాల పట్టీ చదవండి. మొదట ద్రాక్ష రసం ఉంటే తీపి, చిక్కదనం ఎక్కువ. వైన్ వెనిగర్ మొదట ఉంటే పులుపు ఎక్కువ, పలుచన. రెండో రకాన్ని స్టీలు గిన్నెలో సన్న సెగ మీద మరిగిస్తే సరిపోతుంది. 100 మి.లీ. పోస్తే 8, 10 నిమిషాల్లో 40, 45 మి.లీ.కి దిగుతుంది. ఇంకా పలుచగా ఉందనిపించినప్పుడే దించండి, చల్లారితే తేనెలా అవుతుంది. మరీ ముదిరి ముద్ద కడితే ఒక చెంచా వేడి నీళ్లు పోసి కలపండి. కిటికీ తెరిచి పెట్టుకోండి, ఆ ఆవిరి గొంతు పట్టేస్తుంది. అల్యూమినియం, ఇత్తడి గిన్నెలు వద్దు. వెనిగర్ లోహాన్ని తింటుంది, రుచి చెడుతుంది.

బాల్సమిక్ దొరక్కపోతే నల్ల ద్రాక్ష 500 గ్రాములు నలిపి, చాయ్ జాలిలో వడకట్టండి. ఓ 300 మి.లీ. రసం వస్తుంది. దాన్ని 70 మి.లీ. అయ్యేదాకా మరిగించి, పూర్తిగా చల్లారాక 2 టీస్పూన్ల యాపిల్ సైడర్ వెనిగర్ కలపండి. అసలు బాల్సమిక్ కాదు కానీ స్ట్రాబెర్రీ పక్కన చక్కగా కుదురుతుంది. వెనిగర్ వేశాక మళ్లీ మరిగించకండి, ఉన్న కాస్త వాసనా ఆవిరైపోతుంది.

సుబేదారి చెల్లె:

ధన్యవాదాలు, ఇప్పుడు అర్థమైంది. ఇంకో అనుమానం. 35% క్రీమ్ ఇక్కడ అన్ని దుకాణాలల్ల దొరకది, దొరికినా 12 మందికి ఖర్చు ఎక్కువైతది. వడకట్టిన పెరుగు వాడితే? పులుపు మీద పులుపు అయి అది గూడ విరుగుతదా?

బర్రెపాల ఇల్లు:

విరగది బిడ్డా. పెరుగు అంటేనే పులుపుతోటి ఒకసారి తోడుకున్న పాలు. కేసిన్ పని అప్పటికే అయిపోయింది, మళ్ల వెనిగర్ తగిలినా కొత్తగ ముద్దలు కట్టేది ఏముండది. అందుకే మన ఎండకు, మన వంటింటికి క్రీమ్ కంటె గట్టి పెరుగే నమ్మకం.

12 మందికి కొలత రాసుకో. బర్రె పాల పెరుగు రెండున్నర కిలోలు. కిలోకు 400 నుంచి 450 గ్రాముల గట్టి పెరుగు వస్తది, అంటే కిలోకు కొంచెం పైన. పాకెట్ పాల పెరుగైతే తక్కువ వస్తది, మూడు కిలోలు పెట్టుకో. తోడు రాత్రి వేసి, పొద్దుగాల తోడుకోంగనే ఫ్రిజ్‌ల పెట్టాలె. కమ్మగ ఉన్నప్పుడే వడకట్టు, పులిసింది ఎంత చక్కెర వేసినా సరికాదు.

మల్మల్ గుడ్డల మూట కట్టి దండానికి వేలాడదీసుడు చలికాలం పద్ధతి. ఇప్పుడు గట్ల బయట వేలాడదీస్తే మూడు గంటలల్ల పులుస్తది. గిన్నె మీద జల్లెడ, జల్లెడల మూట, మూట మీద పళ్లెం, పళ్లెం మీద కిలో బరువు పెట్టి, మొత్తం ఫ్రిజ్‌ల 8 నుంచి 10 గంటలు ఉంచు. గుడ్డ విప్పితే గుడ్డ గీతలు పెరుగు మీద అచ్చు పడి ఉండాలె, వేలు పెడితే గుంట అట్లనే నిలవాలె. గుంట మెల్లగ మూసుకుపోతే ఇంకో రెండు గంటలు ఉంచు. ఎందుకంటే చక్కెర కలపంగనే పెరుగు మళ్ల జారుతది. ముందే గట్టిగ లేకుంటే కప్పుల పారుతది.

చక్కెర 180 గ్రాములు మిక్సీల పొడి చేసి, చిటికెడు ఉప్పుతోటి పెరుగుల వేసి, జల్లెడల రుద్ది దింపు. మిక్సీల పెరుగు మాత్రం తిప్పొద్దు, పలుచనైతది. విప్పింగ్ క్రీమ్ 300 మి.లీ. దొరికితే మీగడకుండ అక్క చెప్పినట్టు గిలకొట్టి, గరిటెతోటి కింది నుంచి పైకి మడిచినట్టు కలుపు. దొరకకుంటే వదిలెయ్యి. ఇంట్ల తీసిన మీగడ వేద్దామంటే ఒక్క రోజుదే వెయ్యి, వారం కూడబెట్టింది పులుపు వాసన కొడుతది.

మీగడకుండ:

అన్న చెప్పింది ఒప్పుకుంటున్న, 12 మందికి పెరుగే సరి. పండు సంగతి నేను పూర్తి చేస్త.

కిలో స్ట్రాబెర్రీలు, అంటే 200 గ్రాముల డబ్బాలు ఐదు. ముందు డబ్బా తిరగేసి అడుగు చూసి కొనుండ్రి, పైన ఎర్రగ ఉండి కింద నీరు కారేటియి ఉంటయి. మహాబలేశ్వర్ నుంచి వచ్చే పంట చివరికి వచ్చినప్పుడు ఇది ఎక్కువ. తొడిమతోనే కడగాలె, తొడిమ తీసి కడిగితే లోపలికి నీళ్లు పోతయి. గుడ్డ మీద ఆరబెట్టి, అప్పుడు తొడిమ తీసి నాలుగు ముక్కలు చెయ్యాలె.

గాజు గిన్నెల ముక్కలు, చక్కెర 80 గ్రాములు వేసి 15 నిమిషాలు ఉంచాలె. చక్కెర పండుల నీళ్లను బయటికి లాగుతది, ముక్కలు మెరుస్తయి. అప్పుడు బాల్సమిక్ 40 మి.లీ., లేదా యాపిల్ సైడర్ వెనిగర్ 25 మి.లీ., పావు టీస్పూన్ మిరియాల పొడి. ద్రాక్ష రసం పాకం చేసుకుంటే ఆ 70 మి.లీ. మొత్తం పోసి, చక్కెర 50 గ్రాములకు తగ్గించు. ఫ్రిజ్‌ల 30 నిమిషాలు చాలు. రెండు గంటలు దాటితే ముక్కలు మెత్తబడి ఊరగాయ ముక్కల లెక్క అయితయి.

ఇప్పుడు అసలు కిటుకు. ముక్కలను జాలిల వేసి రసం వేరు చెయ్యి. ఆ రసం సగం అయ్యేదాకా సన్న సెగ మీద మరిగించి, మంచిగ చల్లార్చి పక్కన పెట్టు. వడకట్టని ముక్కలు పెరుగు మీద వేస్తే నీళ్లు దిగుతయి, నీకు అడుగున దిగిన గులాబీ నీళ్లల్ల విరిగిన క్రీమ్ నీళ్లతో పాటు ఈ పండు రసం గూడ ఉన్నది.

చైనాగ్రాస్ వాడండి:

కప్పు అరగంట నిలవాలంటే గడ్డకట్టించే దారి కూడా ఉంది. జిలాటిన్ మీరు వద్దన్నది మంచిదే. శాకాహారం కాదన్నది ఒక సంగతి, అది 35 డిగ్రీల లోపే కరుగుతుంది కూడా. మన గదిలో పావుగంటలో పాయసమే. చైనాగ్రాస్ సముద్రపు నాచు నుంచి వస్తుంది, ఒకసారి గడ్డకట్టాక 85 డిగ్రీల దగ్గర గానీ కరగదు.

పాలు 700 మి.లీ., ఫ్రెష్ క్రీమ్ 500 మి.లీ. (మీ దగ్గరున్న 25 శాతానిదే, ఇక్కడ గిలకొట్టే పని లేదు), చక్కెర 130 గ్రాములు. చైనాగ్రాస్ పోగులు 10 గ్రాములు కత్తెరతో తుంచి, 300 మి.లీ. నీళ్లలో అరగంట నాననిచ్చి, ఒక్క పోగూ కనపడనంత వరకు మరిగించండి. గరిటె వెనక చూస్తే గాజులా ఉండాలి. పాలూ క్రీమూ వేడిగా ఉన్నప్పుడే ఇందులో పోయాలి. చల్లటి పాలు పోస్తే అక్కడికక్కడే దారాలు కడుతుంది. వడకట్టి కప్పుల్లో పోసి, చల్లారాక ఫ్రిజ్‌లో మూడు గంటలు.

ఇందులో వెనిగర్ అస్సలు వేయకండి. వేడి పాలు విరుగుతాయి, పులుపుతో కలిపి మరిగిస్తే చైనాగ్రాస్ కట్టు కూడా వదులుతుంది. గడ్డకట్టాక పైన వెనిగర్ పట్టించిన పండు వేస్తే ఏ ఇబ్బందీ లేదు. తినేటప్పుడు క్రీమ్‌లా జారదు, తునకలా తెగుతుంది. మెత్తదనమే ముఖ్యమనుకుంటే పెరుగు చేయండి.

నేరేడు నీడ:

స్ట్రాబెర్రీలు అయిపోతే ఆగకుండ్రి. ఇంటి ముందర మల్బరీ చెట్టు ఉన్నోళ్లను అడుగుండ్రి. బాగ పండిన మల్బరీల తీపే గని పులుపు తక్కువ, వెనిగర్ దానికే ఎక్కువ అవసరం. పచ్చ కాడలు కత్తెరతో తీసెయ్యాలె, నోట్ల పీచు తగులుతది. 500 గ్రాములకు చక్కెర 25 గ్రాములు చాలు.

జూన్‌ల నేరేడు. గింజ తీసి గుజ్జు పెరుగుల కలిపితే వగరు చాన తగ్గుతది, పాల ప్రొటీన్ ఆ వగరును పట్టుకుంటది. రంగు మాత్రం చూసుకోవాలె. నేరేడు గుజ్జు పాలల్ల గని క్రీమ్‌ల గని కలిపితే బూడిద కలిసిన నీలం రంగు వస్తది, కప్పు చూడబుద్ధి కాదు. అదే గుజ్జుకు ముందు ఒక చెంచా వెనిగర్ కలిపి చూడుండ్రి, కండ్ల ముందటనే ఊదా రంగు పోయి ఎర్ర గులాబీ వస్తది. ఆ రంగు పులుపుల ఎర్రబడుతది, పులుపు తగ్గితే నీలం వైపు పోతది. పెరుగు పుల్లటిదే గనుక రంగు నిలుస్తది, పాలల్ల నిలవది.

సుబేదారి చెల్లె:

అందరికి చాన థ్యాంక్స్. పెరుగుతోనే చేస్త. ఆఖరి ప్రశ్న: చేసేది ఇంట్ల, తినేది కాజీపేటల. కప్పులు నింపి తీసుకపోవాల్నా?

బర్రెపాల ఇల్లు:

నింపొద్దు. బండి కుదుపులకే ముక్కలు మునిగి నీళ్లు దిగుతయి. పెరుగు ఒక డబ్బా, వడకట్టిన ముక్కలు ఒక డబ్బా, మరిగించిన రసం చిన్న సీసా. ఐస్ పెట్టెల పెరుగు డబ్బాను ఐసుకు ఆనించి పెట్టు, ముక్కలను పైన పెట్టు. ఐసుకు తగిలి గడ్డకడితే కరిగినంక మెత్తబడతయి. అక్కడికి పోయినంక చల్లటి కప్పుల పెరుగు మూడు వంతులు, మీద ముక్కలు, ఆ మీద ఒక టీస్పూన్ రసం. 12 కప్పులకు పది నిమిషాలు పడుతది. భోజనాలు అయితున్నప్పుడు మొదలువెట్టు, ముందు కాదు.