పోర్చుగల్‌లో మాట్లాడే పోర్చుగీసు నేర్చుకోవడానికి ఏవి మంచివి?

మాది హనుమకొండ. మా అమ్మాయి కుటుంబం పోర్చుగల్‌లోని పోర్తో నగరంలో ఉంటోంది. నాలుగేళ్ల మనవరాలికి తెలుగు అర్థమవుతుంది కానీ, జవాబు మాత్రం పోర్చుగీసులోనే ఇస్తుంది. వచ్చే వేసవికి అక్కడికి వెళ్తున్నాను. దాని మాటలు దాని భాషలోనే వినాలని నా ఆశ.

రెండు నెలలుగా డుయోలింగో అనే భాషలు నేర్పే యాప్‌తో నేర్చుకుంటున్నాను. అందులో ఉన్నది బ్రెజిల్ ఉచ్చారణ అని ఆలస్యంగా తెలిసింది. పాలను నేను 'లేయ్చి' అంటే పాప 'లేయ్త్' అని సరిదిద్దింది. పోర్చుగల్ వాళ్లు చివరి అచ్చులను దాదాపు మింగేస్తారు, అందుకే చదివితే తెలిసే మాట కూడా వింటే అందడం లేదు. ముక్కుతో పలికే 'ఆఁవ్' ధ్వని మరీ కష్టం. మన అల్మారా, మేస్త్రీ ఆ భాష నుంచి వచ్చినవేనని తెలిశాక మాత్రం కాస్త ధైర్యం వచ్చింది.

ఇక్కడ నేర్పేవారెవరూ నాకు దొరకలేదు. రోజూ ఒక గంట కేటాయించగలను. పోర్చుగల్ ఉచ్చారణతో నెమ్మదిగా వినిపించే పాఠాలు, పిల్లల కథల ఆడియోలు ఏవైనా తెలుసా? వ్యాకరణానికి ఇంగ్లీషులో రాసిన పుస్తకమైనా ఫరవాలేదు. ఆన్‌లైన్‌లో గురువును పెట్టుకోవడం ఇప్పుడే మంచిదా, కొంత వినికిడి అలవాటయ్యాకా? మీలో ఎవరైనా అక్కడ ఉండి నేర్చుకుని ఉంటే, దేనితో మొదలుపెట్టారో దయచేసి చెప్పండి.